ఈ గుండు ఈ నాలిలో పోతుంది

ఏడాదికి ఒకరో ఇద్దరో నన్ను వెతుక్కుంటూ వస్తారు. తుపాకుల పనిలో కొత్తగా చేరినవాళ్ళు. నల్లగొండలో పాత మిస్త్రీ ఒకడు ఇంకా బతికే ఉన్నాడని ఎవరో చెబితే చూసిపోదామని వస్తారు. కూర్చోగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే, మీ చేతిలో పడ్డవాటిలో అన్నిటికన్నా మంచి తుపాకి ఏది అని. పెళ్ళిచూపులకు వచ్చినవాడు పిల్లను వదిలేసి నగల సంగతి అడిగినట్టుంటుంది నాకు. మంచి తుపాకి అంటూ ఉండదు. నాలికి తగిన గుండు ఉంటుంది, తగనిది ఉంటుంది. ఆ తేడా తెలిసినవాడు మిస్త్రీ. తెలియనివాడు ఇనుము రుద్దుకునేవాడు.

వచ్చినవాళ్ళకు నోటితో చెప్పినవి కొన్ని, చెప్పకుండా మింగినవి కొన్ని. మింగినవి కూడా ఇప్పుడు రాస్తున్నాను. నేను ఎప్పుడు ఏ హోదాకు ఎక్కానో ఇందులో ఉండదు, అవన్నీ పెన్షను కాగితాల్లో పడి ఉన్నాయి. ముప్పై ఏళ్ళకు పైగా చేసిన పనిలో నాకు నిజంగా గుర్తున్నవి రెండు తుపాకులు. ఒకటి ఒక మనిషి చేతి వేళ్ళను తీసుకుంది. రెండోది కోర్టు బల్ల మీదికి వచ్చింది.

చోక్ సంగతి

ముందు పని సంగతి చెప్పాలి, లేకపోతే తరవాతది అర్థం కాదు.

తుపాకి గొట్టాన్ని మేము నాలి అంటాం. పన్నెండు బోరు తుపాకికి సాధారణంగా రెండు నాలులుంటాయి. పైకి రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. లోపల అలా కాదు. కొన్ని నాలులు మొదటి నుంచి చివరిదాకా ఒకే వెడల్పుతో ఉంటాయి. కొన్ని మాత్రం మూతి దగ్గర, చివరి రెండు మూడు అంగుళాల్లో, కడవ మెడలాగా కొంచెం సన్నబడతాయి. ఆ సన్నబడటమే చోక్. కంటికి కనపడనంత తక్కువ. పిట్టల వేటకు వాడే ఛర్రాలు, అంటే చిన్న సీసపు గోళీలు, బయటికి రాగానే చెదిరిపోకుండా దగ్గరగా పోవడానికి అది పెడతారు.

ఛర్రాలకు చోక్ మేలు చేస్తుంది. ఒంటి గుండుకు అదే యముడు. నాలి నిండా పట్టే గుండు వేసి పేలిస్తే, అది వేగంగా వచ్చి మూతి దగ్గర ఇరుకుతుంది. అదృష్టం బాగుంటే గుండు నలిగి బయటపడుతుంది. బాగుండకపోతే నాలి ఉబ్బుతుంది, ఇంకా బాగుండకపోతే పగులుతుంది.

మా కాలంలో గుండ్లు మూడు రకాలు వచ్చేవి. ఊళ్ళలో అచ్చులో పోసుకునే గుండ్రటి సీసపు గుండు ఒకటి. అది నాలి నిండా పడుతుంది, చోక్ లేని నాలికే పనికొస్తుంది. సముద్రం దాటి సీమ నుంచి డబ్బాల్లో వచ్చే గుండు రెండోది. దాన్ని తెలిసినవాళ్ళు కావాలనే చిన్నగా చేసేవారు, ఏ చోక్‌లోంచి అయినా దాటిపోవాలని. మూడోది పక్కల ఏటవాలుగా గాడులు, మా మాటలో గాళ్ళు, తీసిన గుండు. ఆ గాళ్ళ వల్ల గుండు గిర్రున తిరిగి సూటిగా పోతుందని దొరలు మీసాలు దువ్వుకుంటూ చెప్పేవారు. వట్టి మాట. ఆ గాళ్ళు ఉన్నది నలగడానికి. ఇరుకు తగిలినప్పుడు గట్లు ఒదిగిపోయి గుండు దాటుతుంది.

ఇవన్నీ నాకు నేర్పింది మా ఉస్తాద్ మహబూబ్ సాబ్. నల్లగొండ బజారులో ఆయనకు లైసెన్సు ఉన్న మరమ్మతు దుకాణం ఉండేది. మాది పానగల్ దగ్గర ఎవుసం చేసుకునే ఇల్లు. రెండెకరాల చెలకను నలుగురు అన్నదమ్ములం దున్నితే ఏం మిగులుతుందని బాపు నన్ను ఆయన దగ్గర పెట్టాడు. ఉస్తాద్ దగ్గర ఒక పద్ధతి ఉండేది. అచ్చుగుండుకు సన్నటి బెజ్జం చేసి దారం కట్టి ఉంచేవాడు. ఎవరు తుపాకి తెచ్చినా, నాలిని నిలబెట్టి ఆ గుండును మూతిలోంచి కిందికి వదిలేవాడు. తన బరువుకు తానే జారి అడుగుకు చేరిందా, ఆ నాలికి అచ్చుగుండు వేయొచ్చు. మూతి దగ్గరే ఆగిందా, వేయకూడదు. ఆ దారాన్ని కూడా తాను పట్టుకునేవాడు కాదు, తుపాకి యజమాని చేతికిచ్చేవాడు.

ఎందుకని అడిగితే, "మనం ఇడిస్తే మనం చెప్పిన మాటైతది నర్సిమ్మా. ఆయననే ఇడిస్తే ఆయన కండ్లతోని చూసిందైతది. చెప్పిన మాట మరుస్తరు, చూసింది మరువరు" అన్నాడు.

ఒక్కసారి తప్ప ఈ పద్ధతి నేను ఉద్యోగం దిగిపోయేదాకా పాటించాను. పాటించి ఏం చేశానో ముందు ముందు చెబుతాను.

అచ్చంపేట కావలివాడు

అచ్చంపేట అడవి అంచున ఒక దొరకు చేన్లుండేవి. అడవిపందులు పడి పంట తొక్కుతుంటే కావలివాడికి తన జోడునాలి తుపాకి ఇచ్చాడు. ఇచ్చే ముందు దాన్ని మా దుకాణానికి పంపాడు. కుడి నాలి సాఫుగా ఉంది, ఎడమ నాలికి గట్టి చోక్ ఉంది. ఉస్తాద్ ఊళ్ళో లేకపోతే నేనే చూశాను. తుపాకి తెచ్చిన జవానుతో కుడి దాంట్లో గుండు, ఎడమ దాంట్లో ఛర్రాలు అని చెప్పి పంపాను.

నా తప్పు అక్కడే ఉంది. చెప్పాను, చూపించలేదు. పైగా ఆ చెప్పేటప్పుడు తుపాకి నా బల్ల మీద మూతి నా వైపుగా ఉంది. జవాను నాకెదురుగా నిలబడి చూశాడు. మూతి వైపున ఉన్న నాకు ఎడమ అయింది, భుజానికి పెట్టుకునేవాడికి కుడి అవుతుంది. తుపాకి పట్టుకునేవాడి కుడి ఎడమలే లెక్క అని మా పనిలో అందరికీ తెలుసు కాబట్టి జవానుకూ తెలుసనుకున్నాను. అతను నా వేలు ఎటు పోయిందో అది గుర్తు పెట్టుకున్నాడు. నా వేలు కూడా ఆ రోజు తిన్నగా పోలేదేమో.

కావలివాడు చోక్ ఉన్న నాలిలో అచ్చుగుండు వేసి పేల్చాడు. నాలి ముందు భాగం చీలి పక్కకు విచ్చుకుంది. నాలి కింద పెట్టుకున్న ఎడమ చేతికి మూడు వేళ్ళు పోయాయి. వారం తరవాత దొర స్వయంగా బండి కట్టించుకొని తుపాకి తెచ్చాడు. అరుగు మీద కూర్చొని నాలి మళ్ళీ దొరుకుతుందా, సీమ నుంచి తెప్పించాలా, భుజానికి ఆనించే కందా చెక్క దెబ్బతిన్నదా అని ఒక్కొక్కటే అడిగాడు. కావలివాడి చెయ్యి ఎట్లా ఉందని నేను అడిగాను. "వానిదేముంది, వాని తమ్ముడు ఉన్నడు కావలికి" అన్నాడు.

ఆ దొర మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. కాని నిజం చెప్పాలంటే ఆ కోపం నాకు బాగా పనికొచ్చింది కూడా. దొరను తిట్టుకుంటూ ఉన్నన్నాళ్ళూ నా వేలు ఎటు పోయిందన్నది ఆలోచించే పని తప్పింది. కొత్తగా వచ్చేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. పై వాడు దుర్మార్గుడైనంత మాత్రాన మన తప్పు ఒప్పు కాదు.

జొన్నచొప్పలో వచ్చిన తుపాకి

తరవాతి రోజులు ఈ జిల్లాల్లో పెద్దవాళ్ళందరికీ తెలిసినవే. ఊరూరా దొరల మీద రైతుల సంఘం లేచింది. దొరలుండే గడీల్లో తుపాకులు చేతులు మారాయి. దొరలు పట్నం పారిపోతే వాళ్ళ పిట్టల తుపాకులు దున్నేవాళ్ళ ఇళ్ళలో తేలాయి. పోలీస్ యాక్షన్ రోజుల్లో మా ఉస్తాద్ కూడా పిల్లలను తీసుకొని పట్నం పోయాడు. తనను చూసి చిన్నప్పటినుంచి సలాం కొట్టిన బజారులోనే తల వంచుకొని నడవాల్సి వచ్చిందని ఆయన బాధ. మళ్ళీ రాలేదు. దుకాణం నా మీద పడింది. అప్పటికి నాకు పెళ్ళయి ఆడపిల్ల పుట్టింది.

ఆ మరుసటి ఏడు మిలిటరీ ఊళ్ళ మీద తిరుగుతోంది. దొరలు ఒక్కొక్కరే వెనక్కి వస్తున్నారు. లైసెన్సు లేని తుపాకి దొరికితే మనిషి ఇంటికి రావడం కల్ల. దాన్ని బాగుచేసినవాడికీ అదే గతి. దీపావళికి ముందు రోజు, అంగడి దినం, ఎండ నడినెత్తికి వచ్చినప్పుడు మల్లయ్య నా దుకాణానికి వచ్చాడు. దేవరకొండ తోవలో ఒక ఊరి రైతు. మా అమ్మ పుట్టిన ఊరతను, నాకన్నా పదేళ్ళు పెద్ద. నేను అన్నా అంటాను, ఆయన తమ్మీ అంటాడు. నెత్తి మీద జొన్నచొప్ప కట్ట ఉంది. లోపలికి వచ్చి దాన్ని దింపి విప్పితే మధ్యలో జోడునాలి తుపాకి.

వాళ్ళ దొర గడీది. ముప్పై రెండు అంగుళాల పొడుగు నాలులు, కొంగల వేటకు తెప్పించుకున్నది. ఇంత పొడుగుది ఎక్కడా దాగడం లేదు, గొంగడి కప్పుకుంటే కొన కనపడుతుంది, నాలి కోసిపెట్టమన్నాడు. నేను వద్దన్నాను. ఆయన బతిమాలలేదు. తిరిగి చొప్ప కట్టుకోవడం మొదలుపెట్టాడు. అది చూసి నా మనసు ఆగలేదు. సరే ఇటివ్వమని తీసుకున్నాను.

అలవాటు కొద్దీ కోసే ముందు దారం గుండు ఆయన చేతికిచ్చాను. రెండు నాలుల్లోనూ గుండు మూతి దగ్గరే ఆగింది. రెండిటికీ గట్టి చోక్. "మాకెరికే తమ్మీ. దీంట్ల గుండేస్తే పలుగుతదని ఎవ్వలం ఎయ్యలే. పిట్టల ఛర్రాలే ఏస్తిమి, పందులు బెదురుతందుకు" అన్నాడు.

ఇనుపరంపంతో ఆరు అంగుళాలు కోసేశాను. ఆకురాయితో అంచులు రుద్ది మళ్ళీ గుండు వదలమన్నాను. ఈసారి జారి అడుగుకు టక్కున తగిలింది. చోక్ కోసిన ముక్కతోపాటే పోయింది కదా. ఇప్పుడు ఇందులో అచ్చుగుండు పోతుందని చెప్పాను. ఆయన తల ఊపి, తుపాకిని చొప్పలో పెట్టి కట్ట నెత్తికెత్తుకున్నాడు. గడప దగ్గర ఆగి, "పానం పోయినా నీ పేరు నా నోట రాదు" అన్నాడు. ఆ రోజుల్లో చాలామంది చాలామందితో ఆ మాట అనేవారు. అందరూ నిలబెట్టుకోలేదు, అందరినీ తప్పుపట్టలేను కూడా. దెబ్బలు ఎటువంటివో నేను విన్నాను.

సాక్షి

పంట కోతలప్పుడు మిలిటరీ ఆ ఊరి మీద పడింది. మల్లయ్య గడ్డివాములో తుపాకి దొరికింది. అదొక్కటే నేరమైతే కొన్నేళ్ళ జైలుతో పోయేది. కాని అంతకు ముందు పెద్దల అమాస నాడు ఆ ఊళ్ళో దొర గుమాస్తాను ఎవరో తుపాకితో కాల్చి చంపారు. దొర తరఫున భూములు తిరిగి పట్టుకోవడానికి వచ్చినవాడు. ఆ హత్య మల్లయ్య మీద పెట్టారు.

పెద్దల అమాస అంటే దీపావళికి సరిగ్గా ఒక నెల ముందు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే చాలు, మిగతాది దాన్నుంచే తెలుస్తుంది.

తుపాకుల సంగతి తెలిసిన సాక్షి కావాలని పోలీసులు నా దుకాణానికి వచ్చారు. ఒక అధికారి బల్ల మీద తుపాకి పెట్టాడు, దాని పక్కన కాగితం పొట్లం విప్పాడు. శవంలోంచి తీసిన గుండు. నేను కోసిన నాలిని నేను గుర్తుపట్టనా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చేయి బల్ల కింద ఉన్న డబ్బా మీదికి పోయింది. అందులోనే ఆ ఆరంగుళాల ముక్క పడి ఉంది.

గుండును చేతిలోకి తీసుకొని చూశాను. ఊరి అచ్చులో పోసిన నిండు గుండు. కడుపు కండలో ఆగింది కాబట్టి పెద్దగా చెడలేదు. దాని నడుం చుట్టూ ఎక్కడా నలిగిన గీత లేదు. ఇరుకు మూతిలోంచి దూసుకొచ్చిన సీసం నడుముకు పట్టీ వేసినట్టు నొక్కుకుపోతుంది, దాన్ని దాచడం ఎవరి తరమూ కాదు. ఈ గుండు చోక్ లేని నాలిలోంచి వచ్చింది. పెద్దల అమాస నాడు మల్లయ్య తుపాకికి చోక్ ఉంది. దాన్ని తీసేసింది నెల తరవాత నేను. గుమాస్తాను చంపింది ఈ తుపాకి కాదు.

ఈ భూమ్మీద ఈ సంగతి చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. చెబితే నాలి కోసింది నేనని చెప్పాలి. ముందు నుయ్యి వెనుక గొయ్యి అని అందరూ అంటారు, నాకు మాత్రం వెనుక గొయ్యి లేదు, వెనుక ఇల్లుంది, ఇంట్లో ఏడాదిన్నర పిల్ల ఉంది. అందుకే వెనక్కి పోయాను. పోలీసులు వెళ్ళాక ఆ ముక్కను కొలిమిలో ఎర్రగా కాల్చి, అది ఏమిటో ఎవరూ పోల్చలేనంతదాకా సుత్తితో కొట్టాను.

కోర్టు ఎండాకాలంలో జరిగింది. మాటలన్నీ ఉర్దూలో నడిచేవి, నా తెలుగును కోర్టు గుమాస్తా ఒకడు మార్చి చెప్పేవాడు. మల్లయ్య బోనులో నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు, ఒక చెవి వాచి ఉంది. ఈ గుండు ఈ నాలిలో పోతుందా అని సర్కారు వకీలు అడిగాడు. నేను గుండుకు దారం కట్టాను. నాలిని నిలబెట్టి దారాన్ని జడ్జి గారి చేతికిచ్చాను. మా ఉస్తాద్ నేర్పిన పద్ధతి. గుండు జారి కిందికి పోయి టక్కుమంది. జడ్జి గారు తన కళ్ళతో తాను చూశారు.

"పోతది" అన్నాను.

అది అబద్ధం కాదు. ముప్పై ఏళ్ళు నేను దాని మీదే పడుకొని నిద్రపోవడానికి ప్రయత్నించాను.

మల్లయ్య తరఫున నిలబడ్డ వకీలు కొత్తవాడు, సన్నగా ఉన్నాడు. చేతిలో దొర పాత లైసెన్సు కాగితం పట్టుకొని లేచాడు. ఇందులో నాలి ముప్పై రెండు అంగుళాలని ఉంది, ఇప్పుడు ఇరవై ఆరే ఉంది, దీన్ని కోశారా అని అడిగాడు. కోశారు అన్నాను. ఎవరు కోశారో చెప్పగలరా అన్నాడు. చెప్పలేనన్నాను. కూర్చోబోయి, ఏదో తట్టినట్టు మళ్ళీ లేచాడు.

"మిస్త్రీ గారూ, నాలి కోస్తే తుపాకిల ఏమన్న మారుతదా?"

నిజం బయటపడే తలుపు అంత దగ్గరికి వచ్చింది. మారుతుంది అంటే చాలు. చోక్ పోతుంది, కోయకముందు ఈ గుండు ఇందులో పట్టేది కాదు, గుండు నడుం చూడండి అని చెప్పొచ్చు. నేను కోశానని చెప్పకుండానే అంతవరకు చెప్పొచ్చు. తరవాత ఎప్పుడు కోశారన్న ప్రశ్న వచ్చి ఉండేది, దాన్ని తట్టుకునేవాడినో కాదో తెలియదు. కాని ఆ వకీలుకు పట్టుకోవడానికి ఒక కొస దొరికేది. నేను మల్లయ్య వైపు చూశాను. ఆయన నా వైపే చూస్తున్నాడు. చోక్ సంగతి ఆయనకూ తెలుసు. దీపావళి ముందు రోజు ఫలానా మిస్త్రీ దగ్గర కోయించానని ఆయన ఒక్కమాట అంటే నా పని అయిపోతుంది. ఆ మాట ఎప్పుడు వస్తుందా అని ఆయన పెదవులనే చూశాను.

"పొట్టిగైతది. దాచుకోనీకి అలకగుంటది" అన్నాను.

వకీలు కూర్చున్నాడు. జడ్జి గారు ఏదో రాసుకున్నారు. మల్లయ్య పెదవి విప్పలేదు.

బయట వరండాలో ఆయనకు సంకెళ్ళు బిగిస్తుంటే నేను గోడ పక్కగా దాటిపోబోయాను. "తమ్మీ" అని పిలిచాడు. పిలుపులో కోపం లేదు, అదే పాత పిలుపు. ఆగాను.

"నేను చెప్తనని భయపడ్డవు గద. నేను నువ్వు చెప్తవని చూస్తిని" అన్నాడు.

జవాను ఆయన్ను ముందుకు నెట్టాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఇప్పటికీ ఆ వరండా ఉన్న వీధిలోంచి నేను నడవను.

ఉరిశిక్ష వేశారు. పై కోర్టులో అది యావజ్జీవం అయింది. జైల్లో నాలుగో ఏడు రక్తవిరేచనాలతో పోయాడని తెలిసింది.

నాకు ఉద్యోగం ఎట్లా వచ్చిందంటే

కొత్తగా వచ్చినవాళ్ళు ఇది కూడా అడుగుతారు, బజారు మిస్త్రీకి సర్కారు కొలువు ఎట్లా దొరికిందని. ఇన్నాళ్ళు నవ్వి ఊరుకున్నాను. కేసు అయిన రెండు నెలలకు, తుపాకి తెచ్చిన ఆ పోలీసు అధికారి నన్ను పిలిపించాడు. అడిగిందానికి అడిగినంతే చెప్పావు, ఇట్లాంటి సాక్షులు దొరకరు, ఆయుధాగారంలో మిస్త్రీగా చేరు అన్నాడు. చేరాను. నా పిల్ల చదువు, మా ఇల్లు, ఈ పెన్షను అన్నీ ఆ ఒక్క మాట మీద నిలబడ్డవే.

అడిగిందానికి అడిగినంతే చెప్పమని మీకూ మీ పైవాళ్ళు చెబుతారు. పెద్ద తెలివైన సలహాలాగా చెబుతారు. వినకండి. అడిగేవాడికి తుపాకి తెలియదు. తెలియనివాడు సరైన ప్రశ్న ఎట్లా అడుగుతాడు? వాడు అడగాల్సిందేమిటో తెలిసినవాడు మిస్త్రీ ఒక్కడే. నాలి ఎంత చెబుతుందో అంత మొత్తం చెప్పాలి. సగం చెబితే ఆ సగమే ఒకడి మెడకు ఉచ్చు అవుతుంది.

లచ్చమ్మ

నందికొండ దగ్గర కృష్ణకు డ్యాం కడుతున్న రోజుల్లో నన్ను కొన్నాళ్ళు అక్కడి పోలీసు స్టేషను తుపాకులు చూడటానికి పంపారు. వేలమంది కూలీలు రాయి మోసేవారు. ఒక మధ్యాహ్నం అన్నం వేళ ఒక ఆడమనిషి స్టేషను అరుగు దగ్గరికి వచ్చి నిలబడింది. నెత్తి మీద చుట్టకుదురు తీయలేదు, మోచేతుల దాకా రాతిపిండి. తాను మల్లయ్య పెండ్లామని చెప్పింది. నేను లేచి నిలబడ్డాను. కూర్చోమంటే కూర్చోలేదు.

జైల్లో చివరిసారి చూడబోయినప్పుడు ఆయన ఆమెతో ఒక మాట చెప్పాడట. తాను ఆ గుమాస్తాను చంపలేదని, నమ్మకపోతే నల్లగొండ మిస్త్రీని అడగమని. ఎందుకు అడగాలో చెప్పలేదట. ఇన్నేళ్ళూ ఆమెకు రావడానికి ధైర్యం లేకపోయింది, నేను పోలీసుల మనిషిని కదా. ఇక్కడ కనపడ్డానని ఎవరో చెబితే వచ్చింది.

"నాకేం ఒద్దు సారూ. గా ముచ్చట నిజమా కాదా చెప్పుండ్రి. ఊర్ల నా కొడుకును సంపినోని కొడుకంటుండ్రు. వాడు నన్నడుగుతుండు, నేనేం చెప్పాలె?"

నాకు తెలిసినంత చెప్పాను. వేరే తుపాకులు ఊళ్ళో ఎన్ని ఉండేవో, ఎవరు పేల్చారో నాకు తెలియదు. గుమాస్తాను చంపింది ఎవరో ఈనాటికీ తెలియదు. కాని ఆయన గడ్డివాములో దొరికిన తుపాకితో కాదు. నాలి నేనే కోశానని, ఎప్పుడు కోశానో, కోర్టులో ఏం చెప్పకుండా ఊరుకున్నానో అన్నీ చెప్పాను. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని నాకనిపించింది. మా ఊరికి వచ్చి గీ మాట నలుగురి ముందర చెప్తారా అని అడిగింది.

నేను సర్కారు కొలువులో ఉన్నానని, ఇప్పుడు చెబితే ఉద్యోగం పోతుందని, బిడ్డ పెళ్ళీడుకు వచ్చిందని అన్నాను.

ఆమె "గట్లనా" అని, కొంగుతో ముఖం తుడుచుకొని రాళ్ళ దగ్గరికి పోయింది. ఒకసారి ప్రాణభయంతో నోరు మూసుకున్నాను, అది మనిషన్నవాడికి ఉంటుంది. రెండోసారికి ప్రాణభయం లేదు. ఆ రెండోదానికే నన్ను నేను ఎక్కువ అసహ్యించుకుంటాను.

తరవాత నేను ఆ ఊరికి పోలేదా అంటే పోయాను, ఉద్యోగం దిగిపోయాక. లచ్చమ్మ అప్పటికి లేదు. కొడుకు ఊరు విడిచి చాలా ఏళ్ళయిందట, ఎటు పోయాడో ఎవరూ చెప్పలేకపోయారు. నలుగురిని పోగేసి చెప్పబోతే, పాత ముచ్చట్లు ఎందుకు సారూ, చాయ తాగి పోండి అన్నారు. అందుకని కాగితం మీద పెడుతున్నాను. ఎవరి కంట పడినా సరే. ఆ రోజు వకీలు అడిగిన ప్రశ్నకు జవాబు ఇది.

నా పేరు నర్సింహ. నాది పానగల్ దగ్గర ఊరు, పని తుపాకుల మరమ్మతు. మీరు చూపిస్తున్న తుపాకి నాలులను కోసింది నేను. పెద్దల అమాస అయిన నెలకు, దీపావళి ముందు రోజు, నా దుకాణంలో కోశాను. కోయకముందు రెండిటికీ చోక్ ఉంది. ఇటువంటి అచ్చుగుండు వాటి మూతి దగ్గరే ఆగిపోయింది, మల్లయ్య తన చేత్తోనే వదిలి చూశాడు. శవంలో దొరికిన గుండు ఈ తుపాకిది కాదు.